పరీక్షాధికారి, చౌర్య విభాగం

లాగ్ 1

శిక్షణలో ఉన్నవాళ్లు లాగ్ రాయాలని నిబంధన. అందులో ఏం రాయాలో మాత్రం నిబంధనలో లేదు. కరుణాకర్ సార్‌ని అడిగితే, "ఏం జరిగితే అది రాయవయ్యా, ఎట్టాగూ ఎవరూ చదవరు" అన్నారు. మా ఇన్‌స్టిట్యూట్‌కి ప్రిన్సిపాలూ, లెక్చరరూ, అటెండరూ అన్నీ ఆయనే. సెక్యూరిటీ అలారం బిగించడం నేర్పే చోటు పొడిరేవు మొత్తానికి ఇదొక్కటే. నేర్చుకునేవాణ్ణి ప్రస్తుతానికి నేనొక్కణ్ణే.

నా పేరు అంకమ్మరావు. మా ఊరు చంద్రుడి మీద, నేల కింద ఒక పొడవాటి సొరంగంలో ఉంది. ఓడలు దిగుతాయి గాని నీటి చుక్క లేదు కాబట్టి మొదట వచ్చినవాళ్లు దీన్ని పొడిరేవు అన్నారు. నేను నిన్నమొన్నటిదాకా దుమ్ము గ్యాంగులో పనిచేశాను. సూటు తగిలించుకుని పైకి వెళ్లి సోలార్ పలకలు ఊడవడమే ఆ పని. హెల్మెట్‌లో గాలి ఒత్తిడి మారి మారి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. డాక్టరమ్మ కుడి చెవిలో లైటు వేసి చూసి, ఇంకొన్నాళ్లు పైకి వెళ్తే ఇదీ పోతుందని తేల్చింది.

ఊరి లోపల ఖాళీగా ఉన్న ఉద్యోగం అలారం ఇన్‌స్టాలర్‌ది ఒక్కటే. ఈ బ్యాచ్‌లో పాసైతే లోపల ఉంటాను, ఫెయిలైతే మళ్లీ చీపురు పట్టుకుని పైకి పోవాలి. ఉన్న ఒక్క చెవీ దక్కాలంటే ఊరందరి చెవులూ చిల్లులు పడేలా చేయడం నేర్చుకోవాలన్నమాట.

లాగ్ 2

సిలబస్ భూమి నుంచి వచ్చింది. మొదటి పాఠం, దొంగ మనస్తత్వం. "దొంగ సాధారణంగా వెనకవైపు కిటికీ గుండా ప్రవేశించును" అని ఉంది. మా ఊళ్లో కిటికీలు లేవు. ఒక్క కిటికీ తెరిస్తే ఊళ్లో గాలంతా పోతుంది. ఆ మాటే సార్‌తో అంటే, కిటికీ గురించి రాయకపోతే మార్కులు పోతాయని హెచ్చరించారు. ఎన్ని రకాల కిటికీలు ఉంటాయో అన్నీ బట్టీ పట్టాను.

ఇళ్లకు తలుపులు కూడా లేవు. గాలిని ఆపే ఇనుప తలుపులు నడవ చివర ఉంటాయి, ఇళ్లకు తెరలే. వంటసామాను భూమి నుంచి రావాలి గనక ఊరంతటికీ కలిపి తక్కువే. ఎవరికి ఏది కావాలన్నా పక్కింట్లోకి వెళ్లి తెచ్చుకుంటారు. దొంగతనం అన్నది ఇక్కడ ఇంతవరకు జరగలేదు. అయినా అర్హత గల ఇన్‌స్టాలర్ ఇంటింటికీ అలారం బిగిస్తే తప్ప సరుకుల ఓడకి బీమా ఇవ్వబోమని భూమి మీది బీమా ఆఫీసు పట్టుబట్టింది. అర్హత గలవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. కరుణాకర్ సార్‌కి నేర్పే అర్హత ఉంది గాని బిగించే అర్హత లేదు. అవి వేరువేరు సర్టిఫికెట్లట.

లాగ్ 5

ఇవాళ పెట్టె గురించి చెప్పారు. గోడకి బిగించేది చూడడానికి చిన్న పెట్టే, తెలివి మాత్రం ఎక్కువ. ఇంట్లోకి ఎవరు వస్తున్నారు, ఏం తెస్తున్నారు, ఏం పట్టుకుపోతున్నారు అన్నీ గమనిస్తుంది. ఆక్సిజన్ చూసుకోవడానికి మేమందరం మణికట్టుకి పట్టీ కట్టుకుంటాం కదా, ఆ పట్టీలోంచి ఇంటి యజమాని నాడి కూడా చదువుతుంది. ఎవరైనా రాగానే యజమాని నాడి ఎగిరిపడితే వాడు దొంగ, వెంటనే మోగుతుంది. ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేవాడైతే మనవాడు. అలాంటివాడు తర్వాత ఏం పట్టుకుపోయినా పట్టించుకోదు.

పరీక్ష కోసం నేను ఎవరింట్లోనైనా పెట్టె బిగించాలి. అధికారిక దొంగ వచ్చినప్పుడు అది మోగాలి. నేను రోశమ్మత్త ఇల్లు ఎంచుకున్నాను. ఆమె నాకు చుట్టమేమీ కాదు. నడవలో అందరికీ అత్తే. ఆమె పోపు పెడితే ఆవాలు ఎగిరి పైకప్పుకి తగులుతాయి. ఇక్కడ బరువు తక్కువ కదా, మిగతా వాళ్లు మూత పెట్టి పోపు వేస్తారు, ఆమె వేయదు.

పెట్టె బిగించగానే మోగింది. చూస్తే ఆమె అల్లుడు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ మోగింది. "దాంట్లో తప్పేం లేదబ్బాయ్, బాగానే పనిచేస్తంది" అంది రోశమ్మత్త. అల్లుణ్ణి కుటుంబ సభ్యుల పట్టికలో కలిపితే గాని ఆగలేదు. కలపొద్దని ఆమె చాలాసేపు వాదించింది.

లాగ్ 6

అధికారిక దొంగని కలిశాను. పేరు మాల్యాద్రి. నేమ్ ప్లేటు మీద "పరీక్షాధికారి, చౌర్య విభాగం" అని ఉంది. ఊరందరికీ బాబాయ్. సూట్లు కుట్టే పని నుంచి రిటైరయ్యాక ఈ పోస్టు ఇచ్చారు. దొంగతనంలో అనుభవం ఉన్నవారు కావలెనని ప్రకటన వేస్తే ఎవరూ రాలేదట. చిన్నప్పుడు అమ్మ దాచిన బెల్లం తిన్నానని ఈయన ఒప్పుకున్నాడట, తీసేసుకున్నారు.

"ఇంతవరకు ఎంతమంది పాసయ్యారు బాబాయ్?" అని అడిగాను.

"ఒక్కడు గూడా లేడురా. నా మీద ఏ పెట్టే మోగదు" అన్నాడు. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది, కొంచెం బాధ కూడా ఉంది. "పాపం పిల్లలు. అందరూ దుమ్ము గ్యాంగుకే పోయినారు."

నిజమే. గ్యాంగులో సగం మంది అలారం కోర్సు చదివినవాళ్లే. పలకలు ఊడుస్తూ రేడియోలో సర్క్యూట్ల గురించి వాదించుకునేవాళ్లు. ఎందుకు వాదించుకుంటున్నారో నాకిప్పుడు అర్థమైంది.

లాగ్ 9

మొదటి ప్రాక్టీసు దొంగతనం. కరుణాకర్ సార్, నేను నడవలో నిలబడి చూశాం. దొంగ చప్పుడు చేయకుండా ప్రవేశించాలని రూలు. మాల్యాద్రి బాబాయ్ చెప్పులు బయట విడిచి, తెర దగ్గర నిలబడి గట్టిగా దగ్గాడు.

"దగ్గకూడదండీ" అన్నారు సార్.

"దగ్గకుండా ఆడోళ్లున్న ఇంట్లోకి ఎట్టా పోతామయ్యా?" అని లోపలికి వెళ్లాడు.

వెళ్లి రూలు ప్రకారం అడగకుండా కుక్కర్ ఎత్తుకున్నాడు. రోశమ్మత్త తల తిప్పి చూసి, "అన్నయ్యా, దాని రబ్బరు వదులైంది, కాస్త చూసిపెట్టు. తిన్నావా?" అంది. ఆమె నాడి కదిలితే ఒట్టు. దొంగ పప్పూ గోంగూర పచ్చడీ వేసుకుని భోంచేసి, కుక్కర్ పట్టుకుని బయటికొచ్చాడు. పెట్టె కిక్కురుమనలేదు.

సార్ ఆ పూటంతా రోశమ్మత్తకి గృహ యజమానుల అవగాహన తరగతి తీసుకున్నారు. అపరిచితుణ్ణి చూడగానే "ఎవరు నువ్వు?" అని గద్దించాలని నేర్పారు. రెండోసారి బాబాయ్ వెళ్తే, "ఎవరు నువ్వు? కూర్చో అన్నయ్యా, మజ్జిగ తాగుతావా?" అంది. సార్ కుర్చీలో కూలబడ్డారు.

లాగ్ 13

ఇన్ని దొంగతనాలు చేస్తున్నా ఈయన మీద పెట్టె ఎందుకు మోగడం లేదో ఇవాళ కనిపెట్టాను. కనిపెట్టానని సంతోషించాలో తలబాదుకోవాలో తెలియడం లేదు.

రూలు ప్రకారం పరీక్షకోసం దొంగిలించిన సామాను మర్నాడు తిరిగి ఇవ్వాలి. బాబాయ్ కుక్కర్ తిరిగిచ్చాడు, అందులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పోసి. మూకుడు తిరిగిచ్చాడు, అందులో రెండు టమాటాలు వేసి. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా. పొడిరేవులోనే కాదు, మనవాళ్లు ఎక్కడున్నా ఎవరూ ఇవ్వరు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఏ ఇంట్లో ఏది దొంగిలించినా అందులో ఏదో ఒకటి పెట్టే తిరిగిచ్చాడు. ప్రతి బ్యాచ్‌కీ బిగించేది ఇదే పెట్టె, అది దాన్నే గమనించింది. దాని లెక్కలో ఈ ఊళ్లో మాల్యాద్రి బాబాయ్‌ని మించిన ఆప్తుడు లేడు. ఇన్నేళ్లుగా ఇంతమంది కుర్రాళ్లు ఫెయిలయింది వైరింగు తప్పై కాదు, వేరుశనక్కాయల వల్ల.

పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. "బాబాయ్, ఈసారి గిన్నె ఖాళీగా తిరిగివ్వు."

ఆయన కుట్టుమిషన్ ఆపి నావైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. "ఖాళీ గిన్నె ఇచ్చిరమ్మంటావా? నన్నేమనుకుంటన్నావురా? దొంగననుకున్నావా?"

ఆయన వెనక గోడ మీద నేమ్ ప్లేటు వేలాడుతోంది. నేను దానివైపు చూడలేదు.

లాగ్ 16

అసలు పరీక్ష వచ్చే వారమే. బాబాయ్‌ని మూడు రోజులు బతిమాలాను. మొదటిరోజు తిట్టాడు. రెండోరోజు, ఒక్క చిటికెడు ఉప్పైనా వేస్తానని బేరమాడాడు. ఉప్పు కూడా వద్దన్నాను. ఇవాళ నా ఎడమ పక్కన నిలబడి ఏదో అడిగాడు, నాకు వినపడలేదు. మళ్లీ అడిగాడు. తిరిగి చూసేసరికి ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"ఈ పక్క అసలు వినపడదా?"

"వినపడదు బాబాయ్."

"సరేలే" అన్నాడు. మిషన్‌కి దారం ఎక్కించుకున్నాడు.

లాగ్ 19

పరీక్ష. బాబాయ్ నిన్న రోశమ్మత్త ఇంట్లో స్టీలు గిన్నె ఎత్తుకొచ్చాడు. ఆమె అందులో ఆయనకోసం పులిహోర కూడా పెట్టి ఇచ్చింది, మామూలే. ఇవాళ తిరిగివ్వడానికి వచ్చి తెర దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. గిన్నె కడిగి, తుడిచి, మెరుస్తోంది. లోపల ఏమీ లేదు.

రోశమ్మత్త చేయి తుడుచుకుని గిన్నె అందుకుంది. అలవాటుగా లోపలికి చూసింది. బోర్లించి మళ్లీ చూసింది.

"అన్నయ్యా, నా మీద కోపం వచ్చిందా? నేనేమన్నా అన్నానా?"

ఆయన నేల చూస్తున్నాడు. అప్పుడు ఆమె నాడి ఎగిరి, పెట్టె మోగింది. సొరంగం మొత్తం దద్దరిల్లింది. నేను ఆ శబ్దాన్ని ఎంత గట్టిగా పెట్టానో ఒంటి చెవితో నాకు తెలియలేదు. జనం తెరలు తీసుకుని బయటికొచ్చారు. బాబాయ్ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

కరుణాకర్ సార్ నన్ను కౌగిలించుకున్నారు. దొంగ వెళ్లేటప్పుడు మోగాలి గదా, తిరిగిచ్చేటప్పుడు మోగితే చెల్లుతుందా అని భూమికి రాశారు. ఎప్పుడు మోగాలో సిలబస్‌లో లేదని, దొంగ మీద మోగింది గనక చెల్లుతుందని జవాబొచ్చింది. పొడిరేవు చరిత్రలో అర్హత పొందిన మొదటి అలారం ఇన్‌స్టాలర్‌ని నేను. సంతోషంగానే ఉంది. రాయకపోతే అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను.

లాగ్ 23

ఊరంతా పెట్టెలు బిగించాను. అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక ఇంట్లో దొంగ అన్ని ఇళ్లలోనూ దొంగే. బాబాయ్ ఏ తెర దగ్గరికి వెళ్లినా మోత మోగిపోతోంది. ఇప్పుడు ఆయన క్యాంటీన్‌లో ఒక్కడే తింటున్నాడు. విశిష్ట సేవలు అందించినందుకు బీమా ఆఫీసు ఆయనకి ప్రశంసాపత్రం పంపింది. దాన్ని చూపిస్తే ఎవరూ నవ్వలేదు.

దొంగల పట్టికలోంచి ఆయన పేరు తీసేద్దామని సార్‌ని అడిగాను. పోనీ రోశమ్మత్త కుటుంబ సభ్యుల్లో కలుపుదామన్నాను.

"ఏది చేసినా ఒకటేనయ్యా" అన్నారు సార్. "ఆయన దొంగ కాకపోతే నువ్వు దొంగని పట్టుకోనట్టే. పట్టుకోకపోతే నీకు లైసెన్సు లేదు. లైసెన్సు లేకపోతే నువ్వు పైకి పోవాలి." తర్వాత గొంతు తగ్గించి, "నీ చెవి సంగతి ఆలోచించుకో" అన్నారు. నా కుడి పక్కకి వచ్చి మరీ అన్నారు.

ఆలోచించుకున్నాను. పెద్దాయన ఒక్కడూ తింటే ఏమైంది, క్యాంటీన్ భోజనం మరీ అంత చెడ్డగా ఉండదు గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది చెడ్డగానే ఉంటుంది.

లాగ్ 25

రోశమ్మత్తకి నిజం చెప్పేశాను. ఖాళీ గిన్నె ఇమ్మన్నది నేనేననీ, ఆయన ఎంతకీ ఒప్పుకోలేదనీ, చెవి చూసి జాలిపడి చేశాడనీ.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నువ్వు చెప్పి చేయించావా?" అంది. నాడి ఎంత ఎగిరిందో నాకు పట్టీ మీద కనపడుతోంది, ఎర్రగా. పెట్టె మాత్రం మోగలేదు. బిగించినవాడి అడుగు, గొంతు దానికి లెక్కలోకి రావు. ఇన్‌స్టాలర్ దొంగ కాడని దానికి గట్టి నమ్మకం.

అది మోగితే బాగుండుననిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నాతో ఇంకో మాట మాట్లాడలేదు.

సాయంత్రం ఆమె స్టవ్వూ, గిన్నెలూ, పీటా అన్నీ నడవలోకి మోసుకొచ్చింది. అక్కడే వండింది. నడవలో పెట్టె లేదు. క్యాంటీన్‌కి కబురు పంపి మాల్యాద్రి బాబాయ్‌ని పిలిపించింది. చుట్టుపక్కల వాళ్లూ పళ్లేలు పట్టుకుని వచ్చి చేరారు. ఆయన గిన్నెడు వేరుశనక్కాయలు తెచ్చాడు.

లాగ్ 29

ఇప్పుడు అందరి వంటా నడవలోనే. అందరి సామానూ నడవలోనే. ఊళ్లో ప్రతి ఇంటికీ అలారం ఉంది, ఇళ్లలో కాపాడడానికి ఏమీ లేదు. ఒక్క పెట్టె కూడా మోగడం లేదు. ఈ లెక్క చూసి బీమా ఆఫీసు చాలా సంతోషించింది. పొడిరేవులో దొంగతనాలు పూర్తిగా అంతరించాయని, ఇదే ఉత్సాహంతో నడవకి కూడా అలారం బిగించాలని ఆదేశం పంపింది. అర్హత గల ఇన్‌స్టాలర్ మీరొక్కరే కాబట్టి బాధ్యత మీదేనని కింద రాసింది.

సార్ ఆ ఆదేశం నాకిచ్చి, నావైపు చూడకుండా బల్ల సర్దుకున్నారు.

లాగ్ 30

నడవలో పెట్టె బిగించాను. నిచ్చెన పట్టుకోవడానికి ఎవరూ రాలేదు, మాల్యాద్రి బాబాయ్ తప్ప. కింద నిలబడి స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు. "గట్టిగా బిగించరా. వదులుగా ఉంటే నీకు మాటొస్తది" అన్నాడు. ఆ పెట్టె ఎవరి మీద మోగుతుందో ఆయనకి తెలుసు. ఇంకా క్యాంటీన్‌లో ఉప్పు సరిగా వేయడం లేదని, వంటవాడితో మాట్లాడాలని కూడా అన్నాడు. అక్కడే తినడానికి అప్పటికే సిద్ధపడ్డాడన్నమాట. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు.

టెస్టింగుకి ముందు మూత తీసి ఊరంతటి దొంగల పట్టిక తెరిచాను. అందులో ఒక్కటే పేరు. పైన ఎండలో మెరిసే పలకలు గుర్తొచ్చాయి, హెల్మెట్ బిగించగానే చెవిలో పొడిచినట్టుండే నొప్పి గుర్తొచ్చింది. భయం వేసింది, చాలా వేసింది. పేరు తీసేసి మూత పెట్టాను.

"నడవండి మాల్యాద్రి గారూ" అన్నారు కరుణాకర్ సార్.

ఆయన మోత కోసం ముందే భుజాలు దగ్గరికి తీసుకుని, కళ్లు సగం మూసుకుని నడిచాడు. పెట్టె కింద నుంచి దాటాడు. ఏమీ మోగలేదు. ఇంకాస్త నడిచాడు. రోశమ్మత్త తెర పక్కన నిలబడ్డాడు, ఆ ఇంటి పెట్టె కూడా మోగలేదు. తిరిగి నావైపు చూశాడు.

సార్‌కి అర్థమైంది. పెన్ను తీసి చాలాసేపు పట్టుకున్నారు. "స్క్రూ ఏదన్నా వదులైందేమో. ఇంకోసారి చూద్దామా?"

"బాగానే బిగించాను సార్. ఫెయిలయ్యాను, రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. రేపు పొద్దున సూటు కొలతలకి రమ్మంటారట. కొలతలు తీసేది బాబాయే. చెవి దగ్గర మెత్తగా ఏదైనా కుట్టి చూస్తానన్నాడు. దానివల్ల ఏమీ కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ సంగతి నేనాయనకి చెప్పలేదు.

నడవలో స్టవ్వులు ఒక్కొక్కటే ఇళ్లలోకి వెళ్లిపోతున్నాయి. రోశమ్మత్త తన పీట తీసుకుని లోపలికి వెళ్లి, పళ్లేలు పెట్టిన చప్పుడు చేసింది. నేను నిచ్చెన మడుస్తూ నిలబడ్డాను. ఆమె నాతో మాట్లాడి చాలా రోజులైంది, ఇవాళ కూడా నాతో మాట్లాడలేదు.

"అన్నయ్యా, వాడికీ ఆకలేస్తంటది. రమ్మను" అంది లోపల్నుంచి.

బాబాయ్ నాకు చెప్పాలని నోరు తెరిచాడు. అక్కర్లేదన్నాను. కుడి చెవిలో స్పష్టంగా వినపడింది.